లైను లేని వేళ ఉత్తరం ఎక్కడుంటుంది?



మీరు ఒక కళాశాల చిరునామాకు ఇ-మెయిల్‌ పంపారనుకోండి. ఆ కళాశాలకు రోజంతా ఇంటర్నెట్‌ లేదు. ఉదయం పావుగంట, రాత్రి పావుగంట మాత్రమే టెలిఫోను ద్వారా బయటి ప్రపంచంతో కలుస్తుంది. మీరు ఉత్తరం పంపింది మధ్యాహ్నం 2 గంటలకు. ఆ సమయంలో మీ ఉత్తరం ఎక్కడ ఉంటుంది? ఎవరి సంరక్షణలో ఉంటుంది? దారిలో పోతే బాధ్యత ఎవరిది?

ఇప్పుడు ఈ ప్రశ్నలు మనకు పెద్దగా తట్టవు. కాని 1980లలోను, 1990లలోను మన దేశంలోనే కాదు, ప్రపంచంలో చాలా చోట్ల ఇ-మెయిల్‌ నడిపిన వారికి ఇది నిత్య సమస్య. దాన్ని ఎలా పరిష్కరించారో తెలుసుకుంటే, ఇంటర్నెట్‌ వెనుక ఉన్న ఒక ముఖ్యమైన ఆలోచన మీకు అర్థమవుతుంది.

టెలిఫోను పద్ధతి, తపాలా పద్ధతి

సమాచారం పంపడానికి రెండు పద్ధతులున్నాయి. టెలిఫోనులో మాట్లాడాలంటే ఇద్దరూ ఒకే సమయంలో రెండు కొసల్లో ఉండాలి. ఉత్తరానికి ఆ అవసరం లేదు. మీరు డబ్బాలో వేస్తారు, తపాలా కార్యాలయం తీసుకుంటుంది, రైలులో వెళ్తుంది, ఊరి పోస్టాఫీసులో ఆగుతుంది, చివరికి పోస్టుమాన్‌ అందిస్తాడు. ప్రతి మజిలీలోను ఉత్తరం కొంతసేపు నిలిచి, తరువాత ముందుకు కదులుతుంది. దీన్ని నిల్వ చేసి పంపే పద్ధతి అందాం.

ఇ-మెయిల్‌ రెండో రకానికి చెందింది. 1971లో రే టాంలిన్సన్‌ ఆర్పానెట్‌ మీద ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి సందేశం పంపి, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య @ గుర్తును వాడాడు. 1982 ఆగస్టులో జాన్‌ పోస్టెల్‌ రాసిన ఎస్‌.ఎం.టి.పి. అనే నియమావళి వెలువడింది. ఒక యంత్రం మరో యంత్రానికి ఉత్తరాన్ని ఎలా అప్పగించాలో అది నిర్ణయించింది.

ఈ అప్పగింతలో ఒక చిన్న ఘట్టాన్ని గమనించండి. ఉత్తరం మొత్తం అందాక, అందుకున్న యంత్రం 250 అనే సంఖ్యతో జవాబిస్తుంది. 'నాకు చేరింది, ఇక నాది పూచీ' అని దాని అర్థం. ఆ జవాబు వచ్చిన తరువాతనే పంపిన యంత్రం తన దగ్గరి ప్రతిని తీసేయవచ్చు. ఆ క్షణం నుంచి ఉత్తరాన్ని గమ్యానికి చేర్చడమో, చేర్చలేకపోతే పంపినవారికి ఆ సంగతి తెలియజేయడమో రెండో యంత్రం విధి. కరెంటు పోయి యంత్రం ఆగిపోయిందనే సాకుతో ఉత్తరాన్ని పోగొట్టకూడదని 1989 అక్టోబరులో వచ్చిన నియమాలు స్పష్టంగా చెప్పాయి. అందుకే మెయిల్‌ నడిపే యంత్రం 250 అనే ముందు ఉత్తరాన్ని డిస్కు మీద భద్రంగా రాసుకోవాలి.

మరి అందుకోవలసిన యంత్రం జవాబివ్వకపోతే? పంపే యంత్రం ఉత్తరాన్ని వరసలో ఉంచుకొని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. రెండు ప్రయత్నాల మధ్య కనీసం అరగంట విరామం ఉండాలని, ఆశ వదులుకొనే ముందు కనీసం 4, 5 రోజులు చూడాలని ఆ 1989 నియమాలే సూచించాయి. ఆ తరువాత ఉత్తరం పంపినవారి వద్దకే తిరిగి వస్తుంది.

లెక్క వేసి చూద్దాం

ఈ ఏర్పాటు ఎప్పుడూ లైను మీద ఉండే యంత్రాలకు బాగానే సరిపోతుంది. అవి ఏ మరమ్మతు కోసమో కొన్ని గంటలు ఆగినా నష్టం లేదు. కాని మనం మొదట చెప్పుకున్న కళాశాల సంగతి వేరు. అది రోజుకు 30 నిమిషాలే లైనులో ఉంటుంది. అంటే 1440 నిమిషాల్లో 48వ వంతు.

పంపే యంత్రం సుమారు 4 గంటలకొకసారి ప్రయత్నిస్తోందనుకోండి. 240 నిమిషాలకు ఒక ప్రయత్నం. కళాశాల లైను తెరిచి ఉండేది 15 నిమిషాలు. ఒక విడతలో ప్రయత్నమూ లైనూ కలిసే అవకాశం 240లో 15, అంటే 16లో 1. నాలుగు రోజుల్లో ఎనిమిది విడతలు వస్తాయి. ప్రయత్నాల వేళలు రోజురోజుకూ అటూ ఇటూ జరుగుతున్నాయనుకుంటే, ఎనిమిది విడతల్లోనూ కలవకపోయే సంభావ్యత 15/16ను ఎనిమిదిసార్లు గుణిస్తే వస్తుంది. అది దాదాపు 0.6. అంటే పదింట ఆరు ఉత్తరాలు చేరకుండానే వెనక్కి పోతాయి. యంత్రాల్లో లోపం లేదు, నియమాల్లో తప్పు లేదు. ఒకరు తలుపు తట్టే వేళకు రెండోవారు ఇంట్లో ఉండటం లేదు, అంతే.

పరిష్కారం ఎక్కడుందో మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. ఉత్తరం పంపేవారు తలుపు తట్టడం మాని, ఎప్పుడూ తెరిచి ఉండే ఒక చోట ఉత్తరాన్ని అప్పగించాలి. లైను ఉన్నప్పుడు కళాశాలే అక్కడికి వెళ్లి తెచ్చుకోవాలి.

టెలిఫోను లైను మీద తపాలా సంచి

ఇలాంటి ఏర్పాటు ఇంటర్నెట్‌ విస్తరించక ముందే ఒకటి పుట్టింది. 1976లో అమెరికాలోని బెల్‌ ప్రయోగశాలల్లో మైక్‌ లెస్క్‌ యు.యు.సి.పి. అనే ప్రోగ్రాం రాశాడు. యూనిక్స్‌తో నడిచే ఒక కంప్యూటర్‌ మోడెమ్‌ ద్వారా మరో కంప్యూటర్‌కు మామూలు టెలిఫోను లైను మీద ఫోను చేసి ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడం దాని పని. 1979లో వెలువడిన యూనిక్స్‌ ఏడవ సంచికతో ఇది విశ్వవిద్యాలయాలకు చేరింది.

ఇది తపాలా సంచిలాగే పనిచేసేది. పగలంతా రాసిన ఉత్తరాలు డిస్కు మీద పోగయ్యేవి. నిర్ణయించిన వేళకు యంత్రం తనంతట తానే ఫోను చేసి, తన సంచి ఇచ్చి, అవతల తన కోసం ఉంచిన సంచి తీసుకొని, ఫోను పెట్టేసేది. గరగరలాడే టెలిఫోను లైన్లను దృష్టిలో ఉంచుకొని, సమాచారాన్ని 64 బైట్ల చిన్న పొట్లాలుగా కట్టి, ప్రతి పొట్లానికీ ఒక సరిచూసే సంఖ్యను జోడించేవారు. సంఖ్య సరిపోకపోతే ఆ పొట్లాన్ని మళ్లీ పంపించుకొనేవారు. మధ్యలో లైను తెగినా ఫైలు డిస్కు మీదే ఉండేది కనుక తరువాతి ఫోనులో మళ్లీ వెళ్లేది.

ఒక చిక్కు మాత్రం ఉండేది. చిరునామాలో దారి మొత్తం రాయవలసి వచ్చేది. ఏ యంత్రం మీదుగా ఏ యంత్రానికి వెళ్లి, అక్కడి నుంచి ఎక్కడికి పోవాలో ఆశ్చర్యార్థకం గుర్తులతో విడదీసి వరసగా రాయాలి. 'ఖాజీపేటలో దిగి, విజయవాడ బండి ఎక్కి, అక్కడ గుంటూరు బస్సు పట్టుకొని...' అని కవరు మీద రాసినట్టన్నమాట. మధ్యలో ఒక యంత్రం మూతపడితే ఆ దారిన రాసిన చిరునామాలన్నీ పనికిరాకుండా పోయేవి.

మన దేశంలో

మన దేశంలో ఎర్నెట్‌ అనే విద్యా పరిశోధన నెట్‌వర్క్‌ 1986లో మొదలైంది. కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్‌ శాఖ దీన్ని చేపట్టింది. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఆర్థిక సహాయం చేసింది. బొంబాయిలోని ఎన్‌.సి.ఎస్‌.టి., బెంగళూరులోని ఇండియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ సైన్స్‌, ఢిల్లీ, బొంబాయి, కాన్పూర్‌, ఖరగ్‌పూర్‌, మద్రాసులలోని ఐదు ఐ.ఐ.టి.లు, ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్‌ శాఖ ఇందులో తొలి భాగస్వాములు. ఎన్‌.సి.ఎస్‌.టి.కి నాయకత్వం వహించిన శ్రీనివాసన్‌ రమణి ఈ కృషిలో ముందు నిలిచారు. 2014లో ఆయనకు ఇంటర్నెట్‌ హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌లో స్థానం లభించింది.

ఆ నెట్‌వర్క్‌ మొదట అందించిన ఏకైక సేవ ఏమిటో తెలుసా? యు.యు.సి.పి. మెయిల్‌. అందుకు కారణం తేలికగానే అర్థమవుతుంది. ఇంటికి టెలిఫోను రావాలంటే ఏళ్ల తరబడి ఎదురు చూడవలసిన రోజులవి. నగరాల మధ్య రోజంతా తెరిచి ఉండే లీజు లైను చాలా ఖరీదైన వస్తువు. ఉన్న ఆధారం మామూలు ఎస్‌.టి.డి. ఫోను. దాని రేటు రాత్రి పొద్దుపోయాక తగ్గేది. ఎస్‌.టి.డి. బూతుల ముందు రాత్రిపూట జనం బారులు తీరడం మీ ఇళ్లలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మనుషుల్లాగే యంత్రాలు కూడా తక్కువ రేటు వేళ కోసం కాచుకోగలవు. ఆ సౌలభ్యం నిల్వ చేసి పంపే పద్ధతిలో ఉంది.

వేగం ఎంతో కూడా లెక్క కట్టండి. సెకనుకు 1200 బిట్లు పంపే మోడెమ్‌ సుమారు 120 అక్షరాలు పంపగలదు. 3600 అక్షరాల ఉత్తరానికి అర నిమిషం చాలు. విమానంలో పోయే ఉత్తరానికి వారం, పది రోజులు పట్టే కాలంలో, ఈ రాత్రి రాసిన ప్రశ్నకు ఒకటి రెండు రోజుల్లో జవాబు రావడం పరిశోధకులకు ఎంత విలువైనదో ఊహించండి. తాజా పత్రికలు నెలలు ఆలస్యంగా గ్రంథాలయానికి చేరే దేశంలో, విదేశంలోని సహ పరిశోధకుణ్ణి నేరుగా సందేహం అడగగలగడం చిన్న విషయం కాదు.

ఢిల్లీ, బొంబాయిల మధ్య సెకనుకు 9600 బిట్ల మొదటి లీజు లైను 1991 జనవరిలో వచ్చింది. 1992 నాటికి మొదటి భాగస్వామ్య సంస్థలన్నీ అలాంటి లైన్లతో కలిశాయి. అక్కడికి చేరే వరకు టెలిఫోను ద్వారా అప్పుడప్పుడు కలిసే మెయిలే వారి వాహకం.

పేరు ఒకచోట, యంత్రం మరొకచోట

చిరునామాలో దారి రాయవలసిన చిక్కును తొలగించిన మార్పు 1986 జనవరిలో వచ్చింది. అంతకు ముందు 1983లో పాల్‌ మోకాపెట్రిస్‌ డొమైన్‌ పేర్ల వ్యవస్థను రూపొందించాడు. దాని ఆధారంగా మెయిల్‌ను ఎలా మళ్లించాలో క్రెయిగ్‌ పార్ట్‌రిడ్జ్‌ ఒక పత్రంలో వివరించాడు. అందులోని కీలకాంశం ఎం.ఎక్స్‌. నమోదు. 'ఈ డొమైన్‌కు వచ్చే ఉత్తరాలను ఫలానా యంత్రానికి ఇవ్వండి' అని అది చెబుతుంది. ఒకటి కంటే ఎక్కువ యంత్రాలను చెప్పి, ప్రతిదానికీ ఒక అంకె ఇవ్వవచ్చు. చిన్న అంకె ఉన్నదాన్ని ముందు ప్రయత్నించాలి. అది దొరకకపోతే తరువాతిదానికి ఇవ్వాలి.

ఇందులో అసలు విశేషం చూడండి. ఒక సంస్థ పేరు మీద ఉత్తరాలు రావాలంటే ఆ సంస్థ యంత్రం ఇంటర్నెట్‌ మీద ఉండనక్కర్లేదు. పేరు ఆ సంస్థది. ఉత్తరం తీసుకొని భద్రపరిచే యంత్రం మరొకరిది. అమెరికాలో కూర్చొని రాసేవారికి ఈ తేడా తెలియనే తెలియదు. చిరునామా అందరిదీ ఒకేలా కనిపిస్తుంది. 24 గంటల లైను ఉన్న పెద్ద విశ్వవిద్యాలయానికీ, రాత్రికొక ఫోను చేసుకొనే చిన్న సంస్థకూ ఒకే రకం చిరునామా దక్కింది. మన దేశానికి 1989లో .ఇన్‌ డొమైన్‌ వచ్చింది. ఆ పేరు కింద నమోదైన ప్రతి సంస్థా రోజంతా లైను మీద ఉండనక్కర్లేకుండా పోయింది.

ఇలా ఉత్తరాలు భద్రపరచి ఇవ్వడం ఒక వృత్తిగా కూడా మారింది. 1987లో రిక్‌ ఆడమ్స్‌ వర్జీనియాలో నెలకొల్పిన యు.యు.నెట్‌ మొదట చేసిన పని ఇదే. ఫోను చేసే ఖాతాదారుల కోసం మెయిల్‌ను, వార్తా బృందాల సందేశాలను నిల్వ ఉంచి అందించేది.

ఇది నా ఉత్తరమే అని ఎలా రుజువు చేయాలి?

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్‌ 1995 ఆగస్టు 15న వి.ఎస్‌.ఎన్‌.ఎల్‌. ద్వారా వచ్చింది. 1998 నవంబరు నుంచి ప్రైవేటు సంస్థలకూ అనుమతి లభించింది. చిన్న కార్యాలయాలు తమ పేరుతో డొమైన్‌ తీసుకొని, డయలప్‌ మీద మెయిల్‌ నడపడం మొదలుపెట్టాయి. అప్పటికి యు.యు.సి.పి. వెనకబడింది. ఎస్‌.ఎం.టి.పి.లోనే 'నేను వచ్చాను, నా ఉత్తరాలు ఇవ్వు' అని అడిగే మార్గం కావలసి వచ్చింది.

నిజానికి 1982 నియమావళిలోనే టర్న్‌ అనే ఆదేశం ఉంది. ఫోను చేసిన యంత్రం ఆ మాట అంటే ఇద్దరి పాత్రలూ తారుమారై, అవతలి యంత్రం అదే లైను మీద ఉత్తరాలు ఇవ్వడం మొదలుపెడుతుంది. కాని అడిగినవారు ఎవరో నిర్ధారించే ఏర్పాటు లేదు. ఎవరైనా మీ పేరు చెప్పి మీ ఉత్తరాలు పట్టుకుపోవచ్చు. పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడి ఇంకొకరి పేరు చెబితే వారి ఉత్తరాలు చేతిలో పెట్టినట్టే. అందుకే దాన్ని వాడుక నుంచి తొలగించారు.

1996 ఆగస్టులో ఇ.టి.ఆర్‌.ఎన్‌. అనే ఆదేశం వచ్చింది. ఇందులో యుక్తి గమనించండి. ఎవరు అడిగినా సర్వర్‌ అదే లైను మీద ఉత్తరాలు ఇవ్వదు. ఆ డొమైన్‌కు ముందే నమోదై ఉన్న యంత్రానికి తానే కొత్తగా లైను కలిపి పంపుతుంది. దొంగ అడిగినా ఉత్తరాలు అసలు యజమాని ఇంటికే వెళ్తాయి.

కాని దీనికి స్థిరమైన ఐ.పి. చిరునామా కావాలి. డయలప్‌లో ఫోను చేసిన ప్రతిసారీ కొత్త చిరునామా ఇచ్చేవారు. స్థిరమైనది కావాలంటే అదనపు ఖర్చు. మళ్లీ చిన్నవారికే ఇబ్బంది. 1999 ఆగస్టులో వచ్చిన ఎ.టి.ఆర్‌.ఎన్‌. దీన్ని తీర్చింది. ముందు రహస్యపదంతో తాను ఎవరో రుజువు చేసుకోవాలి. తరువాత పాత టర్న్‌లాగే అదే లైను మీద పాత్రలు మారతాయి. పాత ఆలోచనలో లోపించింది గుర్తింపు ఒక్కటే. దాన్ని చేర్చడానికి 17 ఏళ్లు పట్టింది.

ఈ లోగా చాలామంది మరో చవకైన దారి పట్టారు. కార్యాలయం మొత్తానికి వచ్చే ఉత్తరాలన్నీ ఒకే పెట్టెలో వేయించుకొని, పాప్‌ పద్ధతిలో దింపుకొని, ఉత్తరం పైన రాసిన పేరు చూసి పంచుకొనేవారు. ఇందులో ఒక ప్రమాదం దాగి ఉంది. ఇ-మెయిల్‌కు కూడా కవరు వేరు, లోపలి కాగితం వేరు. ఎవరికి ఇవ్వాలన్నది కవరు మీద ఉంటుంది. పెట్టెలో వేసేటప్పుడు కవరును తీసేస్తారు. లోపలి కాగితం మీద పేరు ఉంటే సరే. రహస్య ప్రతిగా ఎవరికైనా పంపితే వారి పేరు కాగితం మీద ఉండదు. అప్పుడు ఆ ఉత్తరం ఎవరికో తేలక తప్పు చేతిలో పడేది, లేదా ఎవరికీ అందేది కాదు. ఉత్తరం ఉన్నా అది ఎవరిదో చెప్పే ఆధారం లేకపోతే చేరనట్టే లెక్క.

బస్సు నుంచి అంతరిక్షం దాకా

లైన్లు పెరిగాక ఈ ఆలోచన పాతబడిందా? లేదు. 2003 ప్రాంతంలో కర్ణాటకలోని దొడ్డబళ్లాపూర్‌ తాలూకాలో డాక్‌నెట్‌ అనే ప్రయోగం జరిగింది. పల్లెల్లోని కంప్యూటర్లకు ఇంటర్నెట్‌ లేదు. రోజూ తిరిగే బస్సులో వైర్‌లెస్‌ పరికరం, నిల్వ చేసే డిస్కు అమర్చారు. బస్సు ఊరి మీదుగా వెళ్లేటప్పుడు అక్కడి కంప్యూటర్‌ తన సందేశాలను దానికి ఇచ్చి, తనకు వచ్చినవి తీసుకొనేది. బస్సు పట్టణం చేరాక అవి ఇంటర్నెట్‌లోకి వెళ్లేవి. పేరులో డాక్‌ అంటే తపాలా అనే!

భూమికీ అంగారకుడికీ మధ్య సంకేతం వెళ్లడానికి గ్రహాల స్థానాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. గ్రహం చాటుకు వెళ్లినప్పుడు వ్యోమనౌకతో లైనే ఉండదు. అక్కడా దారిలోని ప్రతి మజిలీ సమాచారాన్ని నిల్వ ఉంచుకొని, దారి తెరుచుకున్నప్పుడు ముందుకు పంపాలి. 2008 నవంబరులో నాసా ఈ పద్ధతిని సుమారు 3 కోట్ల 20 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎపాక్సీ వ్యోమనౌకతో పరీక్షించింది.

ఇక మన రోజువారీ వాడకం చూడండి. ఇప్పుడు ఎక్కువ సంస్థల ఉత్తరాలు ఎక్కడో పెద్ద కంపెనీల సర్వర్లలో ఉంటాయి. మన ఫోనుకు సిగ్నల్‌ అందినప్పుడు అక్కడి నుంచి తెచ్చుకుంటుంది. అప్పుడప్పుడు కలిసేది మారింది కాని, కలిసే వరకు ఎవరో ఒకరు ఉత్తరాన్ని భద్రపరచాలన్న అవసరం మారలేదు. ఒక తేడా మాత్రం ఉంది. ఆనాడు సర్వర్‌ మీ ఉత్తరాలను మీకు అప్పగించాక తన ప్రతిని తీసేసేది. ఇప్పుడు అవి అక్కడే ఉండిపోతాయి. సౌకర్యం పెరిగింది. దానితోపాటు మన ఉత్తరాలు ఎవరి ఇంట్లో ఉన్నాయి, ఎంతకాలం ఉంటాయి అని అడగవలసిన అవసరం కూడా పెరిగింది.

మీరు స్వయంగా చేసి చూడవలసిన పని ఒకటుంది. మీకు వచ్చిన ఏదైనా ఇ-మెయిల్‌ తెరిచి, దాని పూర్తి శీర్షికలను చూపించమని అడగండి. అందులో 'రిసీవ్డ్‌' అని మొదలయ్యే భాగాలు కొన్ని కనిపిస్తాయి. వాటిని కింది నుంచి పైకి చదవండి. ప్రతి మజిలీలోని యంత్రమూ తన పేరు, అందుకున్న తేదీ, సమయం రాసి పెడుతుంది. పోస్టాఫీసు వేసే ముద్ర లాంటిదే అది. ఆ వేళలను ఒకదాని నుంచి ఒకటి తీసివేస్తే మీ ఉత్తరం ఎక్కడ ఎంతసేపు ఆగిందో తెలుస్తుంది. ఎక్కువగా కొన్ని సెకన్లే వస్తాయి. ఎప్పుడైనా గంటలు కనిపిస్తే, అంతసేపూ ఏదో ఒక యంత్రం దాన్ని పారేయకుండా మీ కోసం కాపాడిందని గ్రహించండి.